ఆకాశమున గడప

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దల మాట. ఇల్లు విడిచి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఆ కష్టము వారి ఊహకు అందక కాదు. కరవు వచ్చిననో, ఏరు పొంగిననో తప్ప మనిషి తన గడపను తానై విడువడని వారి నమ్మకము. నేడు కరవు లేకుండగనే, ఏరు పొంగకుండగనే, నిండుగా నున్న ఇండ్లకు తాళములు పడుచున్నవి. బిడ్డలు హైదరాబాదులో పదునాలుగవ అంతస్తుననో, ఇరువదవ అంతస్తుననో ఒక ఫ్లాటు కొందురు. తల్లిదండ్రులను కూడ అచ్చటికే రమ్మందురు. అంతట ఊరిలో ఒక పెంకుటింట మూటలు కట్టుట ఆరంభమగును. ఆ మూటలలో పట్టున వేవి, పట్టని వేవి అన్నది విచారింపదగిన విషయము.

ప్రయాణములు ఎరిగిన ఊరు

డోర్నకల్లు ప్రయాణములకు కొత్త ఊరు కాదు. 2016లో మహబూబాబాదు జిల్లా ఏర్పడువరకు ఇది వరంగల్లు జిల్లాలోనిది. పంతొమ్మిదవ శతాబ్ది చివర నిజాము రాజ్యపు రైలుమార్గము తూర్పుగా సాగి 1889లో బెజవాడను చేరినది. ఇల్లెందు గనుల బొగ్గును మోయుటకు డోర్నకల్లువద్ద ఒక శాఖ చీలినది; కాలక్రమమున కొత్తగూడెము వైపునకును బండ్లు నడచినవి. ఆ విధముగా ఊరు జంక్షనైనది. రైల్వే కొలువువారు బదిలీమీద వచ్చుట, క్వార్టర్లలో మూడేండ్లో నాలుగేండ్లో కాపురముండుట, మరల ట్రంకుపెట్టెలు సర్దుకొని సాగిపోవుట ఇచ్చటివారు తరతరములుగా చూచినదే. అయినను ఆ ప్రయాణములు నేలనుండి నేలకు. ఒక వేపచెట్టు విడిచిన మరియొక వేపచెట్టు దొరకెడిది.

ఈ ఊర ఎత్తు అనగానే అందరికి గుర్తువచ్చు కట్టడ మొక్కటి కలదు. తిరునెల్వేలి సీమనుండి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరులో డోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు ఆయనయే. ఆయన పూనికతో లేచిన కతీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠ నందినది. మంటపమును తలపించు స్తంభములు, మసీదును తలపించు గుమ్మటములు క్రైస్తవ ప్రార్థనామందిరమున ఒదిగిన అపూర్వ నిర్మాణమది. అయితే ఆ ఎత్తు కాపురమునకు కట్టినది కాదు. తల యెత్తి చూచుటకు కట్టినది. ఎత్తును చూచుట వేరు, ఎత్తున పొయ్యి రాజేయుట వేరు.

రోలు ఎక్కడ పెట్టవలెను?

అట్టి ప్రయాణమునకు సిద్ధమగు ఇంటిని ఒకదానిని ఉదాహరణగా తీసికొన్న చాలును. పేరుతో పనిలేదు; ఇట్టి ఇల్లు ఆ ఊర ఏ వీధినైనను ఉండవచ్చును. ఇంటి పెద్ద రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు. రెండర్రలు, ముందు సాయబాను, వెనుక పెరడు, పెరటిలో చేదబావి, బావిగట్టున గోలెము, తులసికోట, ఒక వేప, రెండు జామచెట్లు. కుమారుడు హైదరాబాదు పడమటి దిక్కున ఒక పెద్ద మేడలో పదునాలుగవ అంతస్తున ఇల్లు కొన్నాడు. ఇల్లు చేతికి వచ్చుటకు ఇక రెండు నెలలున్నవి.

సామాను పట్టిక వ్రాయుటకు కూర్చున్ననాడే మొదటి చిక్కు వచ్చినది. “మరి రోలు?” అని తల్లి ఫోనులో అడిగినది. “మిక్సి ఉన్నది గదనే అమ్మా” అని కొడుకు జవాబు. మిక్సీ ఉన్నమాట నిజమే. కాని తల్లి అడిగినది పచ్చడి నూరుటను గూర్చి మాత్రమే కాదు. పెండ్లి పసుపు దంచవలెనన్న, పండుగకు పిండి కొట్టవలెనన్న ఆ వీధి ఆడవారందరును ఆ రోటివద్దకే చేరుదురు. రోలు ఒక వస్తువు కాదు, ఒక కూడలి.

మోయుట కష్టమను మాట అటుంచి, రోలు మేడమీద పనికిరాకపోవుటకు మరియొక కారణము కలదు. అపార్టుమెంటు జీవితమునకు మూలసూత్రమే అది: ఒకరి నేల మరియొకరి పైకప్పు. పదునాలుగవ అంతస్తున రోకటిపోటు పడిన పదుమూడవ అంతస్తున నిదురించు పసిబిడ్డ ఉలికిపడును. బాల్కనీలో తులసికి పోసిన నీరు పొంగిన క్రిందివారి ఆరవేసిన బట్టలమీద పడును. ఊరిలో నీరు నేలలో ఇంకును, చప్పుడు గాలిలో కలియును. మేడమీద రెండింటికిని చిరునామా ఉండును. కనుక సామాను సర్దుటకు ముందు సర్దుకొనవలసినవి చేతులు, కాళ్ళు, గొంతు.

పట్టికలో మెల్లగా గీతలు పడసాగినవి. రోలు, విసుర్రాయి, గోలెము ఉండిపోవును. ఇత్తడి బిందెలు నాలుగింటిలో ఒకటి పోవును. ఆవకాయ జాడీలు పోవును. మిరపకాయలు ఆరబోసికొను చోటు మాత్రము పోదు. పెక్కు మేడలలో పైకప్పునకు తాళముండును. బాల్కనీలో వెలుపలికి కనబడునట్లు బట్టలు ఆరవేయరాదని నియమముండుటయు కద్దు. నులకమంచము పోవునా యని పెద్దాయన అడిగినాడు. పోవును గాని లిఫ్టులో పట్టునో లేదో కొలిచి చెప్పెదనని కొడుకు అన్నాడు. ఆ కొలత మాట తరువాత మరియొక సందర్భమున అక్కరకు వచ్చినది.

మన భూమి ఎంత?

తల్లి రోటిని గూర్చి అడిగిన, తండ్రి నేలను గూర్చి అడిగినాడు. “అంత సొమ్ము పోసి కొంటివి గదరా, కింద మన భూమెంత?” అన్నాడు. చదువుకొన్న కొడుకు ఆ ప్రశ్నకు కాగితములు వెదుకవలసి వచ్చినది. ఫ్లాటు కొనువారిలో ఎందరో ఈ ప్రశ్న వేయకయే సంతకములు చేయుదురు.

మేడలో ఇల్లు కొన్నవారికి ఇంటితోపాటు స్థలములో ఒక అవిభక్త వాటా సంక్రమించును. అది ఇచ్చటినుండి ఇచ్చటివరకని చూపుటకు వీలులేని భూమి. పత్రమున గజములు మాత్రముండును. నాలుగెకరములలో నాలుగువందల ఇండ్లు లేచిన, సమముగా పంచుకొన్నచో ఒక్కొక్క ఇంటికి వచ్చునది సుమారు 48 గజములు. డోర్నకల్లు పెరటిలో బావియు వేపచెట్టును ఆక్రమించిన చోటంతయు కొలిచిన దానికి తక్కువ రాదు. అయినను ఆ వాటాయే అసలు ఆస్తి. గోడలు ఏటేట పాతబడును, భూమి పాతబడదు. ఏ ఏబదియేండ్లకో మేడను పడగొట్టి మరల కట్టవలసి వచ్చినపుడు హక్కు నిలుచునది ఆ గజములమీదనే. కనుక పత్రమున ఆ అంకె స్పష్టముగా నున్నదా యని చూచుట మొదటి పని.

రెండవది ఇంటి కొలత. అమ్మువారు చెప్పు చదరపుటడుగులలో మెట్లు, లిఫ్టులు, నడవలు, బయటిగోడలు అన్నియు కలిసియుండుట పరిపాటి. చెప్పిన కొలతలో నాలుగవ వంతు ఇంటిలోపల కనబడక పోవుటయు కద్దు. ఈ మాయను తొలగించుటకే 2016లో పార్లమెంటు స్థిరాస్తి చట్టము చేసినది. జనులు రెరా అని పిలుచునది దానినే. ఇంటిలోపల వాస్తవముగా వాడుకొన గలిగిన నేలను, లోపలి అడ్డుగోడలతో సహా, కార్పెట్ ఏరియా యనవలెనని అది నిర్వచించినది. బయటిగోడలును బాల్కనీయును అందులో చేరవు. రిజిస్టరు చేసిన ఒప్పందము లేకుండ వెలలో పదవవంతునకు మించి ముందుగా తీసికొనరాదన్నది. ఇల్లు అప్పగించిన ఐదేండ్లలోపల కట్టడములో లోపము బయటపడిన, తెలియజేసిన ముప్పది దినములలో కట్టినవారే ఉచితముగా బాగుచేయవలెనన్నది. అంతకు పూర్వమే, 1987లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ అపార్టుమెంట్ల నిర్మాణ యాజమాన్యములపై వేరుగా ఒక చట్టము చేసియుండెను. చట్టములున్నవి, చదువువారు కావలెను.

మూడవది నివాసమునకు అనుమతించు పత్రము. ప్లానుకు అనుగుణముగా కట్టడము ముగిసినదని అధికారులు ఇచ్చు ఆ కాగితము లేనిదే పాలు పొంగించుట తొందరపాటే యగును. ముహూర్తము దాటిపోవునని పురోహితుని వెంటపడువారు ఈ పత్రమునకై అంతగా వెంటపడకుండుట విచిత్రము.

లిఫ్టు తెచ్చిన మార్పు

మనిషి ఇంత ఎత్తున కాపురముండ గలుగుటకు కారణము ఇటుక కాదు, ఉక్కుతో కూడిన లిఫ్టు. 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలిషా ఓటిస్ అను యంత్రకారుడు లిఫ్టు పలకమీద నిలిచి, దానిని మోయు త్రాడును అందరి యెదుట తెగవేయించినాడు. పలక కొంచెము జారి ఆగిపోయినది. త్రాడు తెగినను పడనీయని ఆ అడ్డుకట్టు పుట్టిన తరువాతనే జనులు ధైర్యముగా పైకి పోసాగిరి. 1885లో షికాగోలో పదియంతస్తుల మేడ లేచినది. 1959లో మద్రాసు మౌంటురోడ్డున జీవితబీమా సంస్థవారి 177 అడుగుల మేడ తెరచినపుడు దేశమున దానిని మించిన ఎత్తైన మేడ లేదు. పనులమీద మద్రాసు పోయిన తెలుగువారు దానిని చూడక తిరిగిరాలేదు. అంతకుముందు పేదవారికి మేడ పైభాగము తక్కువ అద్దెకు దొరకెడిది. లిఫ్టు వచ్చిన తరువాత పైభాగమే ఖరీదైనది.

నేడు మేడ ధనికులకే పరిమితము కాదు. 2023 జూనులో హైదరాబాదు శివార్లలోని కొల్లూరున ప్రభుత్వము పేదలకై కట్టించిన 15,660 రెండు పడకగదుల ఇండ్లు ప్రారంభమైనవి. అవియు పలు అంతస్తుల మేడలే. గుడిసె నేలమీద కోళ్ళను పెంచుకొన్న ముసలవ్వయు లిఫ్టు మీట నొక్కుట నేర్చుకొనవలసి వచ్చినది.

అయితే మీట పనిచేయని ఘడియ యొకటి ఉండును. 2012లో వెలువడిన కట్టడ నిబంధనలు 18 మీటర్లు, అనగా సుమారు ఆరంతస్తులు, అంతకు మించిన దానిని ఎత్తైన మేడగా పరిగణించినవి. అట్టివానికి అగ్నిమాపక శాఖవారి సమ్మతి అవశ్యము. నిప్పు పుట్టినపుడు లిఫ్టు ఎక్కరాదు; మెట్లే శరణ్యము. అంతస్తునకు ఇరువది మెట్లనుకొన్నను పదునాలుగవ అంతస్తునుండి దిగవలసినవి 280 మెట్లు. మోకాళ్ళ నొప్పులు గల ఇల్లాలికి ఇది చిన్న లెక్క కాదు. 2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ టవరు అను 24 అంతస్తుల మేడ అంటుకొని 72 మంది మరణించిరి. ఇండ్లలోనే ఉండుడని చెప్పిన మాట నమ్మి ఆగినవారెందరో వారిలో నుండిరి. అంతదూర మేల? 2023 మార్చి 16న సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సున నిప్పు పుట్టి పొగకు ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు మరణించిరి. అది నివాసభవనము కాదు, వ్యాపారభవనము. కాని ఆ మృతులలో ఓరుగల్లు, మహబూబాబాదు ప్రాంతములనుండి పొట్ట చేత పట్టుకొని పోయినవారుండిరి. ఆ వార్త డోర్నకల్లు వీధులలో పరాయివార్తగా వినబడలేదు.

కనుక కొత్త ఇంటికి పోవువారు గోడల రంగుకంటె ముందు చూడవలసినవి ఇవి: మెట్ల దారులు రెండున్నవా? వానిలో ఎవరైన పాత కుర్చీలు, సైకిళ్ళు పెట్టినారా? అగ్గిని ఆర్పు గొట్టములో నీరు వచ్చునా? కరెంటు పోయిన లిఫ్టును నడుపు యంత్రమున్నదా? మేడ నడుమ ఆపదవేళ నిలుచుటకు విడిచిన శరణుస్థలము ఏ అంతస్తున కలదు? పెద్దాయన రైల్వే మనిషి గనుక ఈ ప్రశ్నలు ఆయనకు సహజముగా తోచినవి. సిగ్నలు చూడక బండి కదలరాదని జీవితమంతయు నేర్చినవాడు గదా!

పాలు పొంగిన పిమ్మట

గృహప్రవేశమునకు ఆవును లోనికి తోలుట మన ఆచారము. పదునాలుగవ అంతస్తునకు ఆవు రాజాలదు గనుక చాలచోట్ల దానిని క్రిందనే పూజించి, పైన పాలు మాత్రము పొంగించుచున్నారు. హోమధూమమునకు పొగను పసిగట్టు యంత్రములు కూయునేమోయని కావలివారికి ముందుగా చెప్పి ఉంచుచున్నారు. ఆచారము లిఫ్టుకు తగినట్లు ఒదుగుచున్నదే గాని పోవుటలేదు. బతుకమ్మయు అంతే. మేడల నడుమ ఆవరణములో, వాన వచ్చిన క్రింది సెల్లారులో, కార్లు తొలగించి వలయముగా నిలిచి ఆడుచున్నారు. పాలమూరు కోడలు, గుంటూరు కోడలు, ఓరుగల్లు కోడలు ఒక్క వరుసన చప్పట్లు కొట్టు ఆ దృశ్యము పల్లెలో కానరానిది. మేడ విడదీయునదే కాదు, కలుపునది కూడ.

అయినను కొత్తచోట మనిషి పేరు అంకెగా మారును. “స్టేషను సారు” అని ఊరంతయు పిలిచినవాడు “1402 అంకులు” అగును. మామిడిపండ్ల బుట్ట నెత్తిన పెట్టుకొని డోర్నకల్లునుండి వచ్చిన చుట్టము ద్వారమువద్ద నిలువవలెను. లోనుండి ఫోనులో అనుమతి రావలెను. ఆ అనుమతి నిచ్చు విధము పెద్దలకు నేర్పుట కూడ సన్నాహములలో ఒక భాగము. నేర్పనిచో చుట్టము తిరిగిపోవును, పెద్దవారి మనస్సు నొచ్చును.

వ్రాయని నియమము

సామాను పట్టిక ముగిసిన రాత్రి తల్లి భర్తతో ఒక మాట అన్నది: “నాకేమన్నయితే నన్ను యాడ పండవెడ్తరు? గంత పైనుంచి ఎట్ల దింపుతరు?” ఆయన జవాబు చెప్పలేదు. ఆ మాటను కొడుకునకు చేరవేసినాడు.

ఊరిలో మరణమునకు చోటున్నది. వాకిట పండబెట్టుదురు, వీధి వీధియే కదలి వచ్చును, కట్టెలెవరు తేవలెనో, కుండ ఎవరు పట్టవలెనో, ఆ పూట ఆ ఇంటివారికి అన్నమెవరు పెట్టవలెనో ఎవరును చెప్పనక్కర లేదు. అపార్టుమెంటు నియమావళిని కొడుకు మొదటినుండి చివరవరకు చదివినాడు. కారు ఎచ్చట నిలుపవలెనో ఉన్నది. కుక్కను ఏ లిఫ్టులో తీసికొనిపోవలెనో ఉన్నది. ఈతకొలనులో ఏ బట్టలు కట్టవలెనో ఉన్నది. మనిషి మరణించిన ఏమి చేయవలెనో మాత్రము ఎచ్చటను లేదు. నులకమంచమునకై కొలిచిన కొలత అతనికప్పుడు గుర్తువచ్చినది. చిన్న లిఫ్టులలో మంచము పట్టదు. సామానుల లిఫ్టులో పట్టును.

అతడు కాబోవు ఇరుగుపొరుగువారిని ఒక్కొక్కరిని కదిపి చూచినాడు. చిత్రమేమనగా ఆ ప్రశ్న చాల ఇండ్లలో అంతకుముందే పుట్టియున్నది. నల్లగొండ తల్లి అడిగియున్నది, ఒంగోలు తండ్రి అడిగియున్నాడు. ఎవరికి వారు అది తమ ఇంటి దిగులని దాచుకొన్నారు. దాచుకొన్న దిగులు బయటపడగనే తీర్మానము కష్టము కాలేదు. క్రింది ఆవరణములో సమావేశమందిరము ప్రక్కనున్న చోటు అట్టి వేళలకు విడువవలెననియు, సామానుల లిఫ్టును ఆ గంటసేపు ఇతరులు వాడరాదనియు, ఆ పూట ఆ ఇంటికి భోజనము అదే అంతస్తువారు పంపవలెననియు మూడు పంక్తులు వ్రాసికొనిరి. ఊరిలో వ్రాయకయే జరుగునది మేడలో వ్రాసికొన్నగాని జరుగదు. అది మేడ దోషము కాదు. కొత్త ఊరు కట్టుకొనువారందరును చేయవలసిన పని. డోర్నకల్లు కూడ ఒకనాడు రైలుదారి ప్రక్కన పరాయివారు వచ్చి చేరి కట్టుకొన్న ఊరే గదా.

ఇంటిని అమ్మవలదని మాత్రము పెద్దాయన పట్టుపట్టినాడు. ఏడాదిపాటు తాళము పొరుగింటివారి చేతిలో నుండును. వారు పెరటిలో జామపండ్లు కోసికొందురు, బావినీరు తోడుకొందురు, రోటిలో పసుపు దంచుకొందురు. వాడుకలో నున్న ఇల్లు పాడుపడదు. ఏడాది తరువాత నిర్ణయము ఏదైనను, అది తొందరలో తీసికొన్నది కాకుండును. పెద్దవారు మేడకు పోవుటకు ముందు బిడ్డలు వారికి ఈయదగిన కానుకలలో ఈ గడువును మించినది లేదు.

తల్లి తులసికోటలోని మన్ను ఒక డబ్బాలో నింపుకొన్నది, మొక్క నొకదానిని అందులో నాటుకొన్నది. సికింద్రాబాదు బండిలో రెండువందల కిలోమీటర్లకు పైగా ఆ డబ్బా ఆమె ఒడిలోనే ఉండును. పదునాలుగవ అంతస్తున పత్రములోని 48 గజములు ఆమె కంటికి కనబడవు; ఈ పిడికెడు మన్ను కనబడును. దాని క్రింద నీరు కారకుండ ఒక పళ్ళెము పెట్టవలెనని కొడుకు ముందే చెప్పినాడు. ఆమె పళ్ళెము కూడ సర్దుకొన్నది.